అవతలి జట్టుకు అరువు

మా స్కూలు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు ఆ ఏడాది బంతి ముట్టకుండానే జోనల్ ఫైనల్ దాకా వెళ్ళింది. ప్రీఫైనల్ పరీక్షల భయంతో ఒక స్కూలు రాలేదు, ఇంకో స్కూలుకు బస్సు దొరకలేదు. రెండుసార్లూ వాకోవరే. ప్రార్థన సమయంలో హెడ్మాస్టరుగారు మా పోరాట పటిమను మెచ్చుకున్నారు. నేను ఆ జట్టులో సబ్‌స్టిట్యూట్‌ని. తొమ్మిదో తరగతికే తాటిచెట్టులా పెరిగిన పాపానికి పీటీ సార్ నన్ను లైబ్రరీలోంచి పట్టుకొచ్చారు. బెంచీ మీద కూర్చుని నవల చదువుకోవచ్చు కనుక నేనూ అభ్యంతరం చెప్పలేదు.

ఈ గెలుపులకు ఏడ్చింది మా కెప్టెన్ ఒక్కతే. ఆమెది పదో తరగతి, అదే ఆఖరి అవకాశం. జిల్లా జట్టుకు, అక్కడి నుంచి రాష్ట్ర పోటీలకు వెళ్ళే పిల్లల్ని సెలెక్టర్లు మ్యాచ్ చూసే ఎంచుకుంటారు. ఆడని మ్యాచ్‌లో ఎవరిని చూస్తారు?

ఫైనల్ మెట్టుగూడలో. అల్వాల్ జట్టు వచ్చింది గానీ, నలుగురే వచ్చారు. ఐదుగురు లేనిదే ఆట మొదలుకాదు. సెలెక్టర్లిద్దరూ మిర్చీ బజ్జీలు ముగించి బైకు తాళాలు చేతిలోకి తీసుకున్నారు. పీటీ సార్ చప్పట్లు కొట్టి, "చాంపియన్లయినం!" అన్నారు.

కెప్టెన్ ఆయనకు అడ్డంగా నిలబడింది. "సార్, కప్పు మనమే తీసుకుందాం. ఊరికెనన్న ఒక ఆట ఆడదాం. మనోళ్ళల్ల ఒకర్ని వాళ్ళకిద్దాం."

"ఎవర్నిస్తవ్?"

ఆమె నా వైపు తిరగనైనా తిరగలేదు. "గా పుస్తకాల పిల్లను. మనకేం లాస్ కాదు."

పుస్తకం మూసేలోపే నా ఒళ్ళో వేరే స్కూలు జెర్సీ పడింది. అల్వాల్ కెప్టెన్ నన్ను ఎగాదిగా చూసి, "హైట్ మస్తుంది. ఆటొస్తదా?" అంది. రాదన్నాను. "అయితే మీ కెప్టెన్‌కు అడ్డం నిలబడు, చాలు."

మా కెప్టెన్ బంతితో దూసుకొచ్చింది. నేను పక్కకు తప్పుకుని, "సారీ అక్కా" అన్నాను. బంతి బుట్టలో పడింది. రెండోసారీ అంతే. వెళ్ళబోతూ ఆగిన సెలెక్టర్లలో ఒకాయన చేతిలో తాళాలు ఆడిస్తూ ఆవలించాడు.

కెప్టెన్ నా దగ్గరికొచ్చి పళ్ళు కొరికింది. "ఏందే గిట్ల! పెళ్ళికొచ్చినోళ్ళకు ఇచ్చినట్టు దారిస్తున్నవ్. నా ఆట ఎవడు చూస్తడు? జెర అడ్డం రా!"

"తగులుతుందేమో అక్కా."

"తగల్నీ!"

మూడోసారి చేతులెత్తి, కళ్ళు మూసుకుని, కదలకుండా నిలబడ్డాను. బంతి నా అరచేతికి తగిలి ఎటో ఎగిరిపోయింది. "శభాష్!" అని అరిచినవాళ్ళు నిజానికి మా ప్రత్యర్థులని కాస్త ఆలస్యంగా గుర్తొచ్చింది. అప్పటికే ఆ అరుపు నాకు నచ్చేసింది. ఆ తర్వాత ఆమెను వదల్లేదు. ఇంకో షాటు కూడా ఆపేశాను. ఇక నన్ను దాటడానికి ఆమెకు నిజంగానే ఆడక తప్పలేదు. ఎడమకు వెళ్తున్నట్టు నమ్మించి, కుడికి తిరిగి, దారిలో మోచేత్తో నా పెదవి పగలగొట్టి, దూరం నుంచే బుట్టలో వేసింది. సెలెక్టర్లు తాళాలు జేబులో పెట్టుకున్నారు.

ఆట ముగిశాక వాళ్ళు ఆమెను పిలిచి, ఆదివారం జిల్లా సెలెక్షన్‌కు రమ్మన్నారు. తిరిగొచ్చి, వాచిన నా పెదవి చూసింది.

"నొచ్చిందా?"

"బాగా."

"మంచిగైంది. నా రెండు షాట్లు ఖరాబ్ చేసినవ్ గదనే." బంతి చంకలో పెట్టుకుని, "శనివారం దాకా రోజు గ్రౌండ్‌కు రా. గిట్లనే అడ్డం నిలబడాలె," అంది.

పెదవి ఇంకా మండుతూనే ఉంది. వస్తానన్నాను.