బావిలో దొరికిన కొంగ ఎముక

మా ఊళ్ళో కొంగలను కొట్టేవాళ్ళు లేరు. చెరువు పక్క తుమ్మచెట్ల మీద గూళ్ళు కట్టుకోవడానికి ఏటా వచ్చే పెద్దముక్కు కొంగలను, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకునేవాళ్ళం. అవి వచ్చిన ఏడు చెరువులో నీళ్ళకు లోటుండదని అందరి నమ్మకం.

పంతొమ్మిదివందల అరవైల నడుమ వానలు వరసగా ఎగ్గొట్టాయి. నాయన చేలో బావి తవ్వడం మొదలుపెట్టాడు. నీళ్ళు పడకపోతే ఊరు విడిచి బళ్లారికి కూలికి పోవాల్సిందే. అమ్మా నేనూ మట్టిగంపలు మోసేవాళ్ళం. ఎర్రమట్టి, సుద్దమట్టి దాటాక గట్టి నల్లమట్టి వచ్చింది. అందులో నత్తగుల్లలు, వాటి మధ్య సన్నని పొడుగాటి ఎముక. చేతిలోకి తీసుకుంటే రాయిలా బరువుగా ఉంది.

"కొంగ కాలే ఇది! కొంగ వచ్చిందంటే ఈడ నీళ్ళు ఉండాయనే కదా. ఇంగొంచెం దిగితే సాలు" అన్నాడు నాయన.

"రాయైపోయింది కదా నాయనా, ఏ కాలందో ఏమో" అన్నాను.

"నోరు మూసుకో. ఇంటికొచ్చిన ఆడబిడ్డను అట్ల అంటారా?"

అమ్మ చేత దాన్ని చేటలో పెట్టించి, పసుపు కుంకుమ పెట్టించాడు. మొండితనానికి మా నాయన పెట్టింది పేరు. కింద బండ తగిలినా ఆగలేదు. గడ్డపార మొద్దుబారితే కమ్మరి దగ్గర కొస కొట్టించుకొని మళ్ళీ దిగేవాడు. ఆ మట్టి మోయలేక నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ ఏడూ కొంగలు వచ్చి గూళ్ళు కట్టాయి, కానీ ఎండాకాలానికి చెరువు పూర్తిగా ఎండింది. చేపలు లేక పెద్ద కొంగలు పిల్లలను గూళ్ళలోనే వదిలి ఎగిరిపోయాయి. పిల్లలు ఆకలికి చెట్ల మీదనుంచి రాలిపడ్డాయి. నాయనా నేనూ కుండతో నీళ్ళు తీసుకెళ్ళి నోట్లో పోయబోయాం. ఒక్కటీ నోరు తెరవలేదు. చెరువు నల్లమట్టి పగుళ్ళలో, నత్తగుల్లల నడుమ, వాటి కాళ్ళు సగం కూరుకుపోయి ఉన్నాయి. నాయన వంగి ఒక కాలి చుట్టూ ఉన్న మట్టిని వేలితో గీరి చూశాడు.

"మన బాయిలోది గూడా ఇట్లే సచ్చింటాది పాపా" అన్నాడు. "ఎప్పుడో ఆడ సెరువు ఉండింటాది. అది ఎండిపోయినప్పుడు పడిపోయింటాది. నేను నీళ్ళ గుర్తు అనుకొంటి."

ఆయన మీదున్న కోపమంతా పోయి నాకు ఏడుపొచ్చింది.

మరునాడు నాయన బావిలోకి దిగలేదు. బళ్లారి మాట ఎవరూ ఎత్తకుండానే అమ్మ బట్టలు మూట కట్టింది. మధ్యాహ్నం మా తిరగలిని పక్కింటావిడకు ఇచ్చి, "వాడుకో అక్కా" అంది. మళ్ళీ ఎప్పుడు తెచ్చివ్వాలని ఆవిడ అడగలేదు.