మూసే అంగడిలో ఆడి తగ్గింపు

కంపెనీ ఎప్పుడో తయారీ ఆపేసిన నా చేతి గేమ్ మెషీన్‌కి ఆన్‌లైన్ స్టోర్ కూడా ఈ నెలాఖరున మూసేస్తారట. నెట్‌లో మేధావులంతా "మూసేలోపు తప్పక ఆడాల్సిన ఆటలు" అని జాబితాలు వేస్తున్నారు. మూడేళ్ళుగా దాన్ని ముట్టుకోని నేను కూడా ఈ రోజు తమిళనాడు కోవిల్‌పట్టిలో మా ఇంట్లో కూర్చుని, మహా బాధ్యతగా పన్నెండు ఆటలు ఎంచుకున్నాను.

అంగడి మూస్తున్నారని చెవిన పడగానే మా అవ్వ వచ్చింది. ఇది ఆడి మాసం, అంటే తమిళుల ఆషాఢం; బట్టల కొట్ల ఆడి తళ్ళుబడి, అదే తగ్గింపు, ఆమె తలలో తిరుగుతోంది.

"ఏమిరా, ఆడి తళ్ళుబడి పెట్టినారా?"

"లేదవ్వా, ఒక్క రూపాయి తగ్గించలేదు."

"మూసేటప్పుడు కూడా ఇంత తిమిరా, ఇంత పొగరా వానికి! ఇన్నేండ్లు తెరిచే ఉండె కదా, అప్పుడేమి చేస్తివి?"

నేను డౌన్‌లోడ్ నొక్కాను. రెండో ఆటకే మెమరీ నిండిపోయింది. ఏదో ఒకటి తీసెయ్యమంది మెషీన్. ఒకే రంగు పండ్లను మూడేసి జతచేసే పాత ఆట ఒకటి కనిపించింది. ఎవరాడతారులే అని దాని మీద వేలు పెట్టానో లేదో, అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"అది తీసినావంటే ఈ పొద్దు కూడు లేదు నీకి. నాలుగునూర్ల పన్నెండో మెట్టులో ఉండాను."

తప్పక ఆడాల్సిన ఆట ఏదో మా ఇంట్లో తేలిపోయింది. మీ ఇంట్లో కూడా మూలనపడ్డ మెషీన్ ఉంటే, ముందు ఛార్జింగ్ ఎంతుందో చూసి కింద రాయండి. నిండుగా ఉందంటే, అది మీది కాదు.