చెప్పుల సైజు తొమ్మిది

ఫోన్‌లో సర్వేలు నింపి నాలుగు డబ్బులు చేసుకునే అలవాటు నాకుంది. అరవై దాటిన రైతులకైతే సర్వేలు ఎక్కువ వస్తాయని మా మామగారి పేరుతో కూడా ఒక ఖాతా తెరిచాను. నేను ప్రశ్నలు పైకి చదివితే, బాగలూరులో మా గులాబీ తోట నుంచి వచ్చి కూర్చుని ఆయన నవ్వుతూ జవాబులు చెప్పేవారు. ఆయన పోయి నాలుగు నెలలైంది. ఖాతా మాత్రం మూసేయలేదు. తప్పే, తెలుసు.

ఈ రోజు మధ్యాహ్నం ఆ ఖాతాకి చెప్పుల మీద సర్వే వచ్చింది. "సైజు... ఎనిమిది" అని పైకే అనుకుంటూ నొక్కబోయాను. పక్కన పూలు కడుతున్న మా అత్త తలెత్తకుండానే అంది.

"ఎనిమిది కాదమ్మా, తొమ్మిది. ఎడమ కాలికి అదీ బిగువే."

లోపలికి పోయి ఆయన చెప్పులు తెచ్చి చూపించింది. అరిగిన అడుగున అంకె ఇంకా కనిపిస్తోంది.

తర్వాతి ప్రశ్న, వచ్చే ఆరు నెలల్లో కొత్త చెప్పులు కొంటారా అని. అలవాటుగా అదీ పైకే చదివేశాను.

"కొంటానని ఒత్తు. ఇవి అరిగిపోయినాయి కదా, యాడికైనా పోవాలంటే ఏం ఏసుకుంటాడు మీ మామ?"

ఒత్తాను. ఆయన పేరు పెట్టి పిలిచి, మళ్లీ కలుద్దాం అంది ఫోను.

అత్త ఆ చెప్పుల్ని లోపల పెట్టలేదు. తోటకు బయల్దేరే మనిషికి వీలుగా, వీధి వైపు తిప్పి గడప బయట వదిలింది. అప్పటి నుంచి నేను పెరటి వాకిలి గుండానే తిరుగుతున్నాను.

మీరైతే వాటిని దాటి వెళ్తారా?