స్కేలు ముందు, పెన్సిలు తర్వాత

నా చిన్నప్పుడు అని మొదలుపెడితే మా ఇంట్లో నవ్వుతారు. అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్లు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతూ, సెలవు పెట్టి విజయవాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎం.టెక్.లో చేరాను. క్లాసులో మిగతావాళ్లంతా ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాళ్లు. ఆ చదువు ముందు మాత్రం అందరికంటే చిన్నపిల్లవాణ్ణి నేనే.

ఆ ఏడాది డైరీ తిరగేస్తే అందులో నేను కనిపించను. ఒక పేజీలో "అమ్మ పోయింది. సాయంత్రం వాన" అని ఉంది. తర్వాతి పేజీల్లో కంకిపాడు బస్సు ఎన్నింటికి వచ్చిందో, ఏ క్లాసు జరిగిందో రాసి ఉంది. నాకు ఏడుపు రాలేదు. పన్నెండో రోజున నేనూ మా తమ్ముడూ మాటా మాటా అనుకున్నాం. అమ్మను ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్లింది నువ్వంటే నువ్వని. వాడు మైలవరం వెళ్లిపోయాడు. ఆ తర్వాత వాడూ ఫోను చేయలేదు, నేనూ చేయలేదు. చూస్తుండగానే సంవత్సరీకం మూడు వారాల్లోకి వచ్చింది. ముందు వాడే మాట్లాడాలని నేను, నేనే మాట్లాడాలని వాడు. ఇలాగే ఉంటే అమ్మకు ఇద్దరు కొడుకులూ చెరో ఊళ్లో విడిగా పిండం పెడతారు. ఆ సంగతి తెలిసినా నాకేమీ అనిపించేది కాదు.

ఆ రోజు ప్యారలల్ ప్రోగ్రామింగ్ ల్యాబు. ఒక పనిని భాగాలు చేసి, అవన్నీ ఒకేసారి నడిచేలా రాయడం ఆ చదువు. రెండు భాగాలు ఒకే విలువను ఒకేసారి దిద్ది పాడుచేయకుండా తాళాలు వేయాలి. నేను పద్ధతిగా అన్నిటికీ వేశాను. ప్రోగ్రాము మొదలై నిలిచిపోయింది. తప్పు చూపించదు, జవాబూ ఇవ్వదు. తెర వంక చూస్తూ కూర్చున్నాను.

మా ల్యాబు మేడం నాకంటే పదేళ్లు చిన్న. వెనకనుంచి వచ్చి, "ఎంతసేపటి నుంచండీ ఇలా?" అన్నారు.

"గంట నుంచి మేడం."

ఆవిడ నా చేతికి స్కేలు, పక్క సిస్టం అమ్మాయి చేతికి పెన్సిలు ఇచ్చి, మధ్యలో తెల్లకాగితం పెట్టారు. "ఇద్దరూ స్కేలు పెట్టి తలో గీతా గీయాలి. గీసేదాకా చేతిలో ఉన్నది వదలకూడదు."

"మాస్టారూ, స్కేలివ్వండి" అంది ఆ అమ్మాయి.

"ముందు నువ్వు పెన్సిలివ్వమ్మా."

"భలేవారే! ఇచ్చేస్తే నేను దేంతో గీయాలి?"

కాగితం తెల్లగానే ఉంది. "సరే, ఈసారి మర్యాదగా. ఎదుటివాళ్లకు కావాలంటే ఇచ్చేయండి" అన్నారు మేడం. ఇద్దరం ఒకేసారి ఇచ్చుకున్నాం. ఇప్పుడు పెన్సిలు నాది, స్కేలు ఆ అమ్మాయిది.

"మీరు కానివ్వండి మాస్టారూ."

"లేదమ్మా, నువ్వే కానివ్వు."

మళ్లీ చేతులు మారాయి. వెనకనుంచి ఎవరో, "మేడం, మాకు బస్సుందండీ" అన్నారు. అందరూ నవ్వారు.

"ఇదండీ మన బెజవాడ మర్యాద" అన్నారు మేడం. "ఇద్దరూ మంచివాళ్లే. పనే అవదు."

ఆవిడ రెండూ బల్లమీద పెట్టించారు. "స్కేలు ఒకటో నంబరు, పెన్సిలు రెండు. స్కేలు దొరకనిదే పెన్సిలు ముట్టుకోకూడదు." ఆ అమ్మాయి చటుక్కున స్కేలు అందుకుంది. నేను ఖాళీ చేతులతో ఆగాను. తన గీత అయ్యాక నా గీత. క్షణంలో అయిపోయింది.

"స్కేలే ముందెందుకు మేడం?" అని అడిగాను.

"గొప్పనీ కాదు, న్యాయమనీ కాదండీ. ఏదో ఒక వరుస. పెట్టుకున్నాక ఇక ఆలోచించక్కర్లేదు."

ప్రోగ్రాములో తాళాలు వేసే రెండు వరుసలు అటూ ఇటూ మార్చాను. జవాబు వచ్చింది. సంతోషమేమీ కలగలేదు. బస్టాపు వైపు నడుస్తుంటే మాత్రం ఒక లెక్క తోచింది. నేను వాడికంటే నాలుగేళ్లు ముందు పుట్టాను. వరుస ఎప్పుడో పెట్టే ఉంది. దారిలోని ఎస్టీడీ బూత్‌లోకి వెళ్లి మైలవరం నంబరు నొక్కాను.

"ఎవరండీ?"

"నేనేరా."

మళ్లీ నేనే, "తిథి చూశావా?" అన్నాను.

"చూశానన్నయ్యా. నువ్వు చేస్తావేమోనని రోజూ ఫోను దగ్గరే..." అని ఆగిపోయాడు.

"ఇద్దరం కలిసే పెడదాం."

"అలాగే. వదిననీ తీసుకురా" అన్నాడు. నాకు అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు.

ఏడుపు ఎన్నాళ్లకో వచ్చింది. మనసు కదిలాక చేద్దామని ఆగి ఉంటే ఆ ఏడు అమ్మ సంవత్సరీకం రెండు ఊళ్లలో జరిగేది. ఇప్పటికీ ఎవరితోనైనా మాట పట్టింపు వస్తే ముందు నేనే పిలుస్తాను. న్యాయం ఎవరిదని చూడను. లోపల ఏమైనా అనిపిస్తోందా అనీ చూడను. నంబరు నొక్కుతాను.