కాగితం వెనకవైపు

ఆఫీసులో ఆమెను అందరూ తోకమ్మ అంటారు. మొదట ఎవరన్నారో తెలీదు గానీ, పద్దెనిమిదేళ్లుగా హాజరు పుస్తకంలో తప్ప అన్నిచోట్లా అదే చెల్లుతోంది. ఆమె కూడా పలుకుతుంది. పలక్కపోతే పనులు జరగవు.

ఆమె పని నిజంగా తోకతోనే. ఎక్కడో దూరాన ఒక పెద్ద గ్రహం. దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం. సూర్యుడి నుంచి వీచే గాలి ఆ క్షేత్రాన్ని వెనక్కి లాగి, కోట్ల కిలోమీటర్ల తోకలా సాగదీస్తుంది. తోక పై సగంలో బలరేఖలు ఒకవైపు పోతే, కింది సగంలో ఎదురువైపు పోతాయి. మధ్యలో సన్నటి పొర. సాగీ సాగీ ఆ పొర పలచబడి, ఎదురెదురు రేఖలు తాకి తెగుతాయి, తెగిన కొసలు కొత్త జతలు కట్టుకుంటాయి. ఒక ముక్క సాగి వదిలిన రబ్బరులా గ్రహం వైపు వెనక్కి కొడుతుంది. రెండో ముక్క తనతోపాటు వేడి వాయువుల ముద్దనీ ఈడ్చుకుని శూన్యంలోకి ఎగిరిపోతుంది. దాని ఊసు మళ్లీ ఎవరికీ పట్టదు.

అక్కడ తిరిగే నౌక పంపిన కొలతలు గీతలుగా అచ్చై ఆమె బల్ల మీదికొస్తాయి. మూడో అంతస్తులో, లిఫ్టు మోటారు పక్కగది. లిఫ్టు కదిలినప్పుడల్లా బల్ల మీది గాజుపలక సన్నగా అదురుతుంది. కాగితం మీద ఉత్తర దక్షిణాల గీత ఒక్కసారిగా తల్లకిందులైతే అక్కడ తోక తెగిందన్నమాట. ఆమె ఎర్ర పెన్సిలుతో దాన్ని చుట్టేస్తుంది.

కానీ గీత ఊరికే కూడా తిరగబడుతుంది. నౌక తన యాంటెన్నాని మనవైపు తిప్పుకునేటప్పుడు కొలతలో దిశ తప్పుతుంది. ఏ రోజు ఎప్పుడు తిరిగిందో ఆ పట్టిక నెల ఆలస్యంగా వస్తుంది. అది రాగానే ఆమె పాత కాగితాలన్నీ మళ్లీ పరిచి, అలాంటి వాటి వెనక రాస్తుంది: నౌక తిరిగింది, లెక్కలోకి రాదు. కింద తేదీ. వెనకే ఎందుకంటే, ఆమెకు పని నేర్పిన పెద్దసారు మాట అది. "ముందువైపు ఒకసారి గీసింది చెరపకమ్మా. మనసు ఎందుకు మార్చుకున్నావో వెనక రాయి." పెద్దసారు రిటైరై వెళ్లిపోయినా పద్ధతి మిగిలింది.

ఆమె ఉద్యోగం మాత్రం పదకొండు నెలలది. ప్రతి పదకొండు నెలలకీ ఒక్కరోజు మానిపించి, మర్నాడు మళ్లీ కొత్తగా చేర్చుకుంటారు. అలా పద్దెనిమిదేళ్లు గడిచినా కాగితాల్లో ఆమె నిన్న మొన్న వచ్చిన మనిషే. చట్టం కళ్లుగప్పడానికి ఇంతకన్నా శుభ్రమైన దారి ఉండదు.

కొత్తసారు వచ్చాక కాగితాలన్నీ స్కానింగుకి పోయాయి. ఆ గుర్తులు చూపించి కంప్యూటరుకి తోక తెగడాన్ని గుర్తుపట్టడం నేర్పారు. "జర్నల్‌కి పంపే పరిశోధన పేపరులో మీ పేరు కూడా వేస్తున్నామండీ, నాలుగోది," అన్నాడాయన.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు, "ఇన్నేళ్లు తోక పట్టుకు వేలాడినందుకు గట్టెక్కావన్నమాట," అంది.

బస్సుల వర్కుషాపులో మెకానిక్కయిన భర్త నవ్వాడు. "నాలుగో పేరంటే తక్కువేం కాదమ్మా. రోడ్డెక్కాక బండి పోయేది నాలుగో గేరులోనే."

చూడమని పేపరు నకలు ఆమె చేతికొచ్చింది. మొదట తన పేరు చూసుకుంది. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. వేలితో తడిమింది కూడా. ఆ తర్వాత అంకె చూసింది. తోక రెండువందల పన్నెండు సార్లు తెగిందట. ఆమె లెక్క నూట డెబ్బై ఒకటి. అది ఆమెకు ఇంటి నంబరులా కంఠతా వచ్చు.

తేడా నలభై ఒకటి. ఎక్కడిదో తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"సార్, వెనకవైపు స్కాన్ చేయలేదు."

"దేని వెనక?"

"కాగితాల వెనక సార్. నలభై ఒకటి లెక్కలోంచి కొట్టేశాను. అవి నౌక తిరిగినవి."

కొత్తసారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "జర్నల్ వాళ్లు పేపరు ఒప్పుకున్నారమ్మా. ఇప్పుడు అంకె మారిస్తే మొత్తం తిరగరాయాలి."

"తెగనిదాన్ని తెగిందని ఎలా అంటాం సార్?"

"అంత దూరం పోయి చూసొచ్చేవాడెవడు చెప్పండి. మీ పేరు కూడా ఉంది అందులో. ఆలోచించుకోండి."

ఆ సాయంత్రం అత్తగారు చిక్కుడుకాయలు తుంచుతూ, "నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయిందే?" అంది.

"ఏం పోదత్తయ్యా. నా పేరు కింద అబద్ధం ఉంటుంది, అంతే."

"బ్రేకు పట్టని బండికి సంతకం పెట్టమంటే నేను పెట్టను," అన్నాడు భర్త. "కానీ నాది పర్మనెంటు ఉద్యోగం."

ఆమె నలభై ఒక్క కాగితాల వెనకవైపులూ నకళ్లు తీయించి, ఉత్తరం జతచేసి, డైరెక్టరు ఆఫీసులో ఇచ్చి, తన కాపీ మీద ముద్ర వేయించుకుంది.

పేపరు అంకె సరిచేసుకుని అచ్చయింది. నూట డెబ్బై ఒకటి. పేర్లు మూడే. కృతజ్ఞతల్లో స్కానరు సరఫరా చేసిన కంపెనీ ఉంది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: తాత్కాలిక సహాయకురాలి నమోదు లోపం వల్ల మొదటి లెక్కలో నలభై ఒక్క తప్పులు దొర్లగా, రచయితలు గుర్తించి సరిదిద్దారు.

పద్దెనిమిదేళ్ల పనికి ఆమె ఆ పేపరులోకి ఎక్కింది అలా. తప్పుగా ఎక్కింది.

పదకొండు నెలలు నిండాయి. ఎప్పట్లా ఒకరోజు మానిపించారు. మర్నాడు పిలుపు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. బీరువా తాళాలు అప్పజెప్పమని మాత్రం కబురొచ్చింది.

వెళ్లింది. గది గుమ్మంలో అటెండరు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "త్వరగా కానివ్వండి తోకమ్మగారూ, నన్ను తిడతారు."

"ఒక్క కాగితం ఫైలు చేసేసి వస్తానయ్యా."

సంచిలోంచి పేపరులోని ఆ అచ్చు పేజీ తీసి బల్ల మీద బోర్లా పరిచింది. లిఫ్టు కదిలి గాజుపలక అదిరితే ఆగి, ఎర్ర పెన్సిలుతో తన గుండ్రటి అక్షరాల్లో రాసింది: ముందువైపు రాసింది నిజం కాదు. వెనక చూడనిది వాళ్లు. కింద తేదీ వేసింది. పూర్తి పేరు రాసింది, ఇంటిపేరుతో సహా.

కాగితాన్ని చివరి కట్టలో, ముందువైపు పైకి ఉండేలా పెట్టి బీరువా మూసింది. అది తిప్పి చూసే అలవాటు ఆ ఆఫీసులో ఇంకెవరికీ లేదని ఆమెకు తెలుసు.

తాళాలు అటెండరు చేతిలో పెట్టి, రసీదు అడిగింది.