చేపలకు అమ్మవారు పోసిన ఎండాకాలం

ఆ రోజుల్లో డిగ్రీ పాసైనవాడికి ఒక రకమైన ధైర్యం ఉండేది. ప్రపంచంలో తనకు తెలియనిది కూడా ఉందని ఇంకా ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చే ధైర్యం అది. నాదీ అదే సరుకు. జంతుశాస్త్రం చదివాను. కప్పను కోశాను, బొద్దింకను కోశాను, సీసాల్లో మందునీళ్లలో తేలే జీవాలన్నిటికీ బొమ్మలు గీశాను. బతికున్న జీవంతో మాత్రం నాకు పెద్దగా పరిచయం లేదు (మా నాయన గొర్రెల వెంట పొమ్మంటే పరీక్షలున్నాయని తప్పించుకునేవాణ్ణి). అలాంటి నేను రాయదుర్గంలో ఒక జీన్స్ కుట్టే యూనిట్‌లో సూపర్‌వైజరుగా చేరాను. పేరు చూసి పెద్ద ఉద్యోగమనుకునేరు. ప్యాంట్లు కట్టలు కట్టించడం, లారీ ఆఫీసుకు పరుగెత్తడం, మిషన్ మొరాయిస్తే మెకానిక్ గడ్డం పట్టుకుని బతిమాలడం, మిగిలిన టైములో ఎవరు తిట్టినా నిలబడి వినడం. ఊళ్లో మా అమ్మ మాత్రం "మావోడు కంపినీలో ఆఫీసరు" అని చెప్పుకునేది. వానలు మొహం చాటేసిన ఏళ్లు అవి. వేరుశనగ వేస్తే విత్తనం కూడా తిరిగి రావడం లేదు. ఇంటికి నా జీతమే ఆధారం. ఉద్యోగం పోతే ఏమవుతుందన్న ఆలోచన వస్తే ఇంకో రెండు కట్టలు ఎక్కువ కట్టించేవాణ్ణి.

మా ఓనర్ను అందరూ కత్తెరన్న అనేవాళ్లు. కటింగ్ మాస్టరుగా మొదలై సొంత యూనిట్ పెట్టుకున్న మనిషి. ఓనరయ్యాక కూడా కత్తెర వదల్లేదు, మాట్లాడేటప్పుడు దాన్ని గాల్లో టకటకలాడించేవాడు. ఒకసారి ఆర్డర్లు తగ్గితే, వాస్తు చూసే పెద్దమనిషి ఒకాయన వచ్చి ఈశాన్యం మూల నీళ్లు పెట్టి, అందులో చేపల్ని పెంచమన్నాడు. మామూలు మనిషైతే గాజు గిన్నెలో రెండు ఎర్రచేపలు వేసుకుని ఊరుకునేవాడు. కత్తెరన్న లెక్క వేరు. "లక్ష్మీదేవి పుట్టింది యాడ? సముద్రంలో గదా! మంచినీళ్ల చేపలు పెడితే ఆయమ్మ కంటికి ఆనుతాయాప్పా?" అని బెంగళూరు పోయి ఉప్పునీళ్ల చేపలతొట్టి పట్టుకొచ్చాడు. తెల్ల పట్టీలున్న నారింజరంగు చేపలు రెండు, పసుపుది ఒకటి, నీలంది ఒకటి. అవి వచ్చిన వారంలోనే పెద్ద ఆర్డరొకటి తగిలింది. ఇంక చెప్పేదేముంది? పొద్దున్నే మొదటి అగరబత్తి చేపలకు, రెండోది దేవుడి పటాలకు.

వాటిని చూసుకునే పని ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చినప్పుడు కత్తెర నా వైపు తిరిగింది. "నువ్వు జీవాల సదువు సదివినావు గదప్పా?" "కప్పను కోసినానన్నా, అంతే." "కోసినోనికి సాకేది రాదా?" అన్న నవ్వుతూనే ఇంకో మాట అన్నాడు. "ఇవి మన యూనిట్‌కు ప్రాణం. వీటికేమన్నా అయిందనుకో, నువ్వు మళ్లా ఈడ కనపడొద్దు, అట్లనే మీ ఊరి బస్సెక్కు." అన్నది నవ్వుతూనే గానీ, కత్తెర మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి నేను చేపల కంటే ఎక్కువగా నీళ్లలో బతికాను.

తొట్టికి చేతికి ఎముక లేనట్టు ఖర్చు పెట్టిన అన్న, దాని పోషణ దగ్గరికి వచ్చేసరికి పిడికిలి బిగించాడు. బెంగళూరు అంగడివాడిచ్చిన సముద్రపు ఉప్పు పొడి అయిపోయిందని చెప్తే, "ఉప్పు గూడా బెంగళూరు నుంచి తెచ్చుకుంటే నలుగురూ నవ్వుతారప్పా. దినుసుల అంగట్లో రాళ్లుప్పు ల్యా?" అన్నాడు. ఉంది, అదే వాడాను. ఎండాకాలం, పైన ఫ్యాను, చుట్టూ మిషన్ల వేడి. తొట్టిలో నీళ్లు రోజూ తగ్గిపోయేవి. నేను ట్యాంకరు నీళ్లలో ఇంత రాళ్లుప్పు కలిపి, నాలుక మీద వేసుకుని చూసి, తగ్గిన మేరకు నింపేవాణ్ణి. ఆవిరయ్యేది నీళ్లేగాని ఉప్పు కాదన్న సంగతి ఆరో తరగతి పిల్లవాడికి తెలుసు. నేను డిగ్రీ దాకా చదివాను కాబట్టి అంత కిందికి దిగి ఆలోచించలేదు. శ్రద్ధగా, భక్తిగా, రోజుకింత చొప్పున చేపల్ని ఊరగాయ పెట్టాను.

సరిగ్గా అన్న ఆర్డర్ల కోసం బొంబాయి వెళ్లినప్పుడే చేపలు తిండి మానేశాయి. తర్వాత వాటి ఒంటి మీద తెల్లటి చుక్కలు లేచాయి, రవ్వ చల్లినట్టు. రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటూ, నీళ్ల పైకొచ్చి నోళ్లు తెరుస్తూ తిరుగుతుంటే నేను క్యారియరు కూడా తెరవకుండా తొట్టినే కాపలా కాశాను. మర్నాడు నీలంది అడుగున పక్కకు ఒరిగి ఉంది. గాజు మీద తట్టాను, కదల్లేదు. అన్న బొంబాయి నుంచి రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. ఆ రోజు కూడా ఫోన్ మోగింది. మొదటి ప్రశ్న ఎప్పటిలాగే, "చేపలెట్లుండాయప్పా?" "బాగుండాయన్నా... నీలంది మాత్రం పండుకోనుండాది." "పండుకోనీ. లేపొద్దు" అని పెట్టేశాడు. రిసీవరు పెట్టేసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. మా అమ్మ చెప్పుకునే ఆఫీసరు బస్సు దిగి, పెట్టె మోసుకుంటూ, ఊరి అరుగు ముందు నుంచి నడిచి పోవడం కళ్లకు కట్టింది.

నన్ను మొదట పట్టుకున్నది దారాల పెద్దమ్మ. కుట్టిన ప్యాంట్లకు మిగిలిన దారాలు కత్తిరించే ఆడవాళ్లలో అందరికంటే పెద్దది, అందుకే ఆ పేరు. నన్ను చూసి, తొట్టిలోకి చూసి, చెంపలు వాయించుకుంది. "అమ్మవారు పోసిందిరా నాయనా!" "అదేం కాదు పెద్దమ్మా, ఏదో రోగం..." అని నేను అనబోయానో లేదో, చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా కసిరారు. "రోగమంటావా? లెంపలేసుకో! అమ్మ వచ్చినప్పుడు రోగమనగూడదు." లెంపలు వేసుకున్నాను (ఆ స్థితిలో ఎవరేం చెప్పినా చేసేవాణ్ణి). పెద్దమ్మ నిమిషాల మీద ఏర్పాట్లు చేసేసింది. ఆఫీసు గది గుమ్మానికి వేపమండలు వేలాడాయి. చెప్పులతో లోపలికి రాకూడదు. బయటి ఊరి మనిషి అసలే రాకూడదు. గట్టిగా అరవకూడదు. అన్నిటికంటే పెద్ద నియమం, అమ్మ చల్లబడేదాకా ఎవరూ పొయ్యి మీద తాళింపు వేయకూడదు. ఇంట్లో బిడ్డకు పోస్తే ఇంటి మటుకే పట్టింపు. ఇది యూనిట్‌లో పోసింది కాబట్టి అందరి ఇళ్లకూ పట్టింపే అని తీర్పు చెప్పింది. మధ్యాహ్నం క్యారియర్లు తెరిస్తే అన్నిట్లో చప్పిడి పప్పే. పసుపూ వేపాకూ నూరి తొట్టిలో పోస్తామన్నారు. కాళ్లావేళ్లా పడి, వేపాకును అద్దానికి బయట కట్టేటట్టు ఒప్పించాను. జంతుశాస్త్రంలో నేను సాధించిన మొదటి విజయం అదే.

అయినా చుక్కలు తగ్గలేదు. పసుపుచేప రెక్కలు ముడుచుకుంది. చివరికి ఎస్టీడీ బూతుకు పోయి బెంగళూరు అంగడికి ఫోన్ చేశాను. ఆయన కన్నడం కలిసిన తెలుగులో సావధానంగా అంతా విని, "ఉప్పు ఎంత ఉందని ఎట్ల నోడ్తావు స్వామీ?" అన్నాడు. "నాలుకతో" అన్నాను. ఆయన మెల్లగా, "నీళ్లు ఆవిరైతే ఉప్పు ఎల్లిగె పోతాది?" అన్నాడు. ఎక్కడికి పోతుంది? రోజూ నేను పోసిందంతా తొట్టిలోనే ఉందని బూతులో నిలబడి లెక్కేసుకున్నాను. మందుంది గానీ చాలా దుడ్లవుతాదని, అదీ బెంగళూరొచ్చి తీసుకోవాలని చెప్పి, జాలిపడి బీదవాడి వైద్యం ఒకటి చెప్పాడు. చేపను పట్టి, అంతే వెచ్చగా ఉన్న ఉత్త మంచినీళ్లలో కాసేపు ముంచితే ఒంటి మీది పురుగు రాలిపోతుంది. ఆ తర్వాత ఉప్పు బాగా తగ్గించిన వేరే తొట్టిలో వేసి చూసుకోవాలి. "సముద్రం చేపను మంచినీళ్లలో వేస్తే చావదా సార్?" "ఒక్కోసారి చస్తాది. ఊరికే పెట్టుకుంటే మాత్రం తప్పకుండా చస్తాది." ఇంత ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఈ సంగతి పెద్దమ్మకు చెప్తే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "అంటే తలకు పోసేది! ఆ బెంగళూరాయన గూడా అదే చెప్పినాడా?" అమ్మవారు తగ్గుముఖం పట్టాక బిడ్డకు వేపాకు నీళ్లతో తలస్నానం చేయించడం మా వైపు ఆచారం. "నీళ్లల్లో ఉండేదానికి తలకెట్ల పోస్తారు పెద్దమ్మా?" అంటే, "ఉప్పునీళ్లల్లో ఉండేదానికి మంచినీళ్లు పోస్తే తలకు పోసినట్లే గదా" అంది. శాస్త్రం, సంప్రదాయం ఒకే బకెట్టు దగ్గర కలిశాయి. మర్నాడు పొద్దున మిషన్లన్నీ ఆపేశారు. తలా ఒక చెంబు తాగేనీళ్లు తెచ్చి బకెట్టు నింపారు. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్లో, ఆ ఎండల్లో, అది చిన్న సంగతి కాదు. జీన్స్ జేబులకు వేసే పల్చటి గుడ్డతో వలలాంటిది కుట్టించాను. చెయ్యి తొట్టిలో పెట్టానే గాని అది నా చెయ్యిలా లేదు, ఊగిపోతోంది. మొదటి పట్టీల చేపను పట్టి మంచినీళ్లలోకి దించాను. అది ఒక్క గెంతు గెంతి, పక్కకు పడిపోయి, కదలడం మానేసింది.

సరిగ్గా అప్పుడే కత్తెరన్న ఆటో దిగాడు. రేపు వస్తానన్న మనిషి. గుమ్మం దగ్గర ఆయన గొంతు వినిపించింది. "ఏమప్పా, మిషన్లు యాల ఆపినారు?" పెద్దమ్మ గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది. "చెప్పులిడువప్పా. లోపల అమ్మ ఉండాది. ఊరు తిరిగొచ్చినావు, కాళ్లు కడుక్కోకుండా రావద్దు." నేను కళ్లు మూసుకున్నాను. పిడుగు పడలేదు. తెరిచి చూస్తే కత్తెరన్న ఎండలో వట్టికాళ్లతో నిలబడి, ఎవరో అందించిన చెంబుతో కాళ్లు కడుక్కుంటున్నాడు. అంత పెద్ద మనిషీ అమ్మవారనగానే నాకంటే ఎక్కువ వణికిపోయాడు. లోపలికొచ్చి బకెట్టు పక్కన గొంతుకూర్చుని, చేతులు జోడించి, పడి ఉన్న చేపను చూస్తూ ఉండిపోయాడు. ఎంతసేపటికో చేప తోక కొంచెం ఆడింది. మళ్లీ ఆడింది. దాన్ని ఉప్పు తగ్గించిన టబ్బులో వేయగానే అడ్డంగా ఊగి, సర్దుకుని, బుడగల గొట్టం చాటుకు దూరింది. ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో "తల్లీ!" అన్నారు. మిగిలిన రెండింటికీ అలాగే తలకు పోశాం. అప్పుడు లెక్కపెట్టుకుని అన్న నా వైపు చూశాడు. "నీలంది ఇంకా లేయలేదా?" "అది లేయదన్నా" అన్నాను. పెద్దమ్మ వెంటనే అందుకుంది. "యూనిట్‌కు తగిలిన దిష్టంతా దాని మింద పోయిందిలేప్పా." అన్న పెద్దగా నిట్టూర్చి, "పీడ పోయింది" అన్నాడు. నా ఉద్యోగం నిలిచింది.

చుక్కలు రాలిపోయి, చేపలు తేరుకుని తిండికి ఎగబడ్డాక, పెద్దమ్మ ఒక మధ్యాహ్నం గుమ్మానికి ఎండిపోయిన వేపాకు తీసేస్తుంటే, నేను కుర్చీలో వెనక్కి వాలి, కాస్త చదువుకున్నవాడి ధీమాతో నవ్వుతూ అన్నాను. "చేపలకు అమ్మవారు పోసేదేంది పెద్దమ్మా, నిజంగా నమ్మినావా?" ఆవిడ చేస్తున్న పని ఆపకుండానే చెప్పింది. "చేపకు పోస్తాదో లేదో ఆ తల్లికే తెలియాల. నీకు పోసింది నాయనా. కూడు తినకుండా, పలకకుండా, చేతులు వణికించుకుంటా దాని ముందర కూసోనుంటివి. బెదురుకున్న బిడ్డను చూస్తా ఊరికే ఎట్లుంటారు? చల్లబరచాల గదా. నీకని చెప్తే నువ్వొప్పుకుంటావా, డిగ్రీ సదివినోనివి? అందుకే చేపకని చెప్పినాము. మా ఇంటాయనైతే తిరగవాత లేని పప్పు తినలేక ఒకటే సణుగుడు."

"నేనేం బెదరలేదు" అన్నాను. గట్టిగానే అన్నాను. పక్క గదిలో దారాలు కత్తిరిస్తున్నవాళ్లంతా నవ్విన నవ్వు ఇప్పటికీ వినబడుతుంది. తర్వాత నేను వేరే ఊళ్లకు, వేరే ఉద్యోగాలకు వెళ్లాను. భయాలు కూడా వయసుతోపాటు పెద్దవయ్యాయి. వాటికి డాక్టరు మాత్రలు రాస్తాడు, స్నేహితులు ధైర్యం చెప్తారు, ఇంట్లోవాళ్లు ఊరికే ఆలోచించొద్దంటారు. అందరూ మంచివాళ్లే. కానీ నా భయం కోసం, నాకు తెలియకుండా, యూనిట్‌లో అందరి ఇళ్లవాళ్లూ కలిసి చప్పిడి పప్పు తిన్నది ఆ ఎండాకాలంలో ఒక్కసారే. అది తెలిసిన రోజున కూడా ఒక దండం పెట్టాల్సిందిపోయి, బెదరలేదని వాదించిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే కోపం రాదు, నవ్వొస్తుంది. పాపం, చాలా బెదిరిపోయి ఉన్నాడు.