పాటల టీచరు దిద్దిన ఆరు పాటలు

పాటల టీచరుకు కుక్కలంటే భయం లేదు, బల్లులంటే భయం లేదు, ఇంటిల్లిపాదీ హడలిపోయే అత్తగారన్నా భయం లేదు. ఇరవై రెండేళ్ళుగా ఒకే బడిలో, మేడ మీద చివరి గదిలో, ఒకే కీబోర్డు ముందు కూర్చుని పిల్లలకు పాటలు నేర్పుతోంది. ఎంత కోతిమూకనైనా పది నిమిషాల్లో ఒక్క గొంతు చేసేస్తుందని పేరు. అలాంటి మనిషికి ఒక కాగితం చూసి ముచ్చెమటలు పట్టాయి.

కాగితం పెద్ద మేడమ్ చేతిలో ఉంది. ఇకమీద సంగీతం క్లాసులో పిల్లలు పాడితే చాలదట, పాటలు కట్టాలట. మాటలూ వాళ్ళవే, వరసా వాళ్ళదే. మూడు వారాల్లో పై ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి చూస్తుందట.

"ఆవిడకి నచ్చకపోతే సంగీతం పీరియడు తీసేసి లెక్కలకిచ్చేస్తారు. మిమ్మల్ని లైబ్రరీలో కూర్చోబెడతారు. నా చేతుల్లో ఏం లేదు. అయినా మీకేంటండీ, చిటికెలో పని!" అంది పెద్ద మేడమ్.

టీచరు పైకి నవ్వింది. ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఊళ్ళోవాళ్ళ పాటలు మూడు వందలు నోటికొచ్చు గానీ, ఆవిడ జన్మలో ఒక్క వరస కట్టి ఎరగదు. ఆ వచ్చినావిడ పిల్లల ముందే "ఏదీ, మీరొకటి కట్టండి చూద్దాం" అంటే?

ఇంటికెళ్ళి భర్తతో చెప్పింది. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి.

"ఇన్నేళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్నాను. ఎప్పుడైనా ఒక్కటి తయారుచేశానా? ఎవడైనా అడిగాడా?" అన్నాడు, కంటికున్న భూతద్దం తీయకుండానే.

"మిమ్మల్ని అడగరండీ. నన్నడుగుతారు."

ఆయన మళ్ళీ గడియారంలోకి తల దూర్చాడు.

మర్నాడు ఏడో తరగతిని ఆరు జట్లు చేసింది. జట్టుకో పాట, పాటకు నాలుగు పాదాలు. పిల్లలకేం, వాళ్ళకు భయమా పాడా! ఊడిన పన్ను మీద ఒకరు, తప్పిపోయిన బస్సు మీద ఒకరు, ఎడమ కాలి చెప్పు మీద ఒకరు రాసిపారేశారు. ఆరో జట్టులో మాత్రం ఒక్కతే పిల్ల. నోట్లో నోట్లో మాట్లాడుతుందని అందరూ దాన్ని గొణుగుడు అంటారు. దాని పక్కన ఎవరూ కూర్చోలేదు, అదీ ఎవరినీ పిలవలేదు.

పిల్లలు కూనిరాగం తీస్తుంటే టీచరు కీబోర్డు మీద ఆ స్వరాలు వెతికేది. వెతుకుతూ వెతుకుతూ వేలు కాస్త ముందుకు దూకేది. "ఇలా అయితే ఇంకా బాగుంటుంది కదమ్మా?" అనేది. పిల్లలు తలూపేవాళ్ళు. టీచరంతటిది బాగుంటుందంటే కాదనేదెవరు? పాట బయల్దేరిన చోటికే, అంటే మొదటి స్వరానికే, తిరిగి చేరాలన్నది ఆవిడ నియమం. చేరని పాటను చేయి పట్టుకుని మరీ తీసుకొచ్చి కూర్చోబెట్టేది. గొణుగుడు పాటనూ అలాగే దిద్దింది. ఆ పిల్ల తలైనా ఊపలేదు, ఊరికే నిలబడింది.

పై ఆఫీసు ఆవిడ రావడానికి రెండు రోజులుందనగా గది తుడవడానికొచ్చిన ఆయమ్మ చీపురు మీద చేతులానించి నిలబడింది.

"ఏంటమ్మా, మూడు వారాల్నుంచీ ఆ ఒక్క పాటే నేర్పుతున్నారు? వీళ్ళకింకా రాలేదా?"

"ఒక్క పాటేంటి? ఆరు పాటలు!"

"మాటలు ఆరు రకాలేమో గానీ, పొద్దున్నే బడి మొదలయ్యేటప్పుడు పాడతారే, అదే కదా?"

ఆయమ్మ వెళ్ళాక టీచరు తలుపు వేసుకుని ఆరూ ఒకదాని తర్వాత ఒకటి వాయించింది. వేళ్ళు ఆరుసార్లూ అవే మీటల మీదికి వెళ్ళాయి. పన్నూ, బస్సూ, చెప్పూ అన్నీ పొద్దుటి పాటలోకే వచ్చి చేరాయి. ఈ గది పోతుంది, కీబోర్డు పోతుంది, ఇరవై రెండేళ్ళ పేరు ఒక్క పూటలో గంగపాలవుతుంది. ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది.

మర్నాడు పిల్లల్ని బతిమాలింది. "నేను దిద్దక ముందు మీరెలా పాడారు? ఆ వరస పాడండి నాన్నా."

"ఇదే కదా టీచర్?" అంటూ ఐదు జట్లూ పొద్దుటి పాటే అందుకున్నాయి. సొంత వరస ఒక్కరికీ గుర్తులేదు.

అందరూ వెళ్ళిపోయినా గొణుగుడు గుమ్మం దగ్గరే నిలబడింది.

"నాది గుర్తుంది టీచర్. కానీ..."

"కానీ ఏంటమ్మా?"

"మళ్ళీ దిద్దుతారా?"

ఇన్నాళ్ళూ ఈ గదిలో భయపడుతున్నది తనొక్కతే అనుకుంది టీచరు. కీబోర్డు మూత వేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చుంది. పిల్ల కళ్ళు మూసుకుని పాడింది.

"అమ్మ డ్యూటీకెళ్ళింది,
ఇల్లు పెద్దదయ్యింది,
కుళాయి చుక్క చుక్కగా
ఎవరొస్తారని అడిగింది."

చివరి మాట పైకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. టీచరు వేళ్ళు ఒళ్ళోనే కదిలాయి.

"కిందికి దిగలేదేంటమ్మా?"

"దిగితే అమ్మ వచ్చేసినట్టుంటుంది టీచర్. ఇంకా రాలేదు కదా."

టీచరుకు ఆ ఇల్లు కళ్ళకు కట్టింది. తాళం వేసిన తలుపు వెనక ఒంటరి పిల్ల, ఆ చుక్కల చప్పుడు. ఈ మూడు వారాల్లో తను పడ్డ భయం దీని ముందు ఎందుకూ కొరగాదనిపించింది.

"ఇలాగే పాడు తల్లీ. నేను వేలు పెట్టను."

వచ్చినావిడ పొట్టిగా, నెమ్మదిగా ఉంది. వెనక బల్ల మీద కూర్చుని కలం తెరిచింది. మూడో పాటకు కలం ఆగింది. ఐదో పాటయ్యాక పెద్ద మేడమ్ వైపు అదోలా చూసింది.

గొణుగుడు లేచింది. మూడు పాదాలు తన వరసలోనే పాడింది. నాలుగో దాంట్లో టీచరు ముఖం చూసి, గొంతు గభాలున కిందికి దించి, బుద్ధిగా బయల్దేరిన చోటికే చేరిపోయింది.

"బాగుంది. ఇది వేరుగా ఉంది. చక్కగా ముగిసింది కూడా," అని వచ్చినావిడ రాసుకోసాగింది. పెద్ద మేడమ్ హమ్మయ్య అనుకున్నట్టు కుర్చీలో వెనక్కి వాలింది.

టీచరు నోరు మూసుకుంటే చాలు, గండం గడిచినట్టే. పిల్ల తల దించుకుని నిలబడి ఉంది.

"ఆ ముగింపు తనది కాదండీ, నాది," అంది టీచరు. "మిగతా ఐదూ కూడా నేనే పాడుచేశాను. నాకు కట్టడం రాదు. ఎప్పుడూ కట్టలేదు."

వచ్చినావిడ కలం కింద పెట్టింది. పెద్ద మేడమ్ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"మరి ఆ అమ్మాయి ముగింపేంటి?"

పిల్ల నోరు విప్పలేదు, భయంతో బిగుసుకుపోయింది. ఇక గత్యంతరం లేక టీచరే లేచి నిలబడింది. కీబోర్డు లేకుండా, చీర కొంగు పిడికిట్లో బిగించి, ముప్ఫైమంది పిల్లల ముందు ఆ నాలుగో పాదం అందుకుంది. గొంతు పైకి వెళ్ళింది గానీ అక్కడ నిలబడలేక కాస్త జారింది.

"అలా కాదు టీచర్," అంది గొణుగుడు.

ఆ మాట గదంతా వినిపించింది.

"ఇంకా పైన. అక్కడే ఆగాలి. ఎవరూ రాలేదు."

టీచరు ఊపిరి పీల్చుకుని మళ్ళీ పాడింది.

"ఇంకొంచెం," అంది పిల్ల.